జంపక్క బిగించిన మూత

ములకలపల్లి అడవి అంచున జంపక్క భరిణెకు మూత బిగించిందంటే లోపలి గాలికి కూడా సెలవు దొరకదు. చండ్రుగొండ సంతలో ఓ కొత్త పెళ్లికొడుకు ఆ మూత లాగబోయి, లాగిన ఊపుకు పోయి అత్తగారింట్లోనే పడ్డాడు. నమ్మనివాళ్లు పోయి చూసుకోండి, వాడి నడుము ఇంకా వంకరే.

అంతటి మనిషికి ఎదురింట్లోనే శత్రువు: మొగుడి అన్న దూలయ్య. తమ్ముడు పోయిన నాటి నుంచీ అతని కన్ను తమ్ముడి కరెంటు లేతు మీదే, కర్రను గిర్రున తిప్పి చెక్కే ఆ మిషను మీదే.

"ఆడదానికి లేతేందే? గంజి కాసుకో."

"నువ్వు చెక్కిన గిన్నెల గంజి నిలవదు కద బావా!"

మాటా మాటా పెరిగి పందెం కట్టారు. ముత్యాలమ్మ పండుగకు ఇద్దరూ పసుపు భరిణెలు చెయ్యాలి. అమ్మవారికి పసుపు పూసే ముత్తక్క ఎవరి భరిణె వాడితే లేతు వాళ్లది.

జంపక్క అంకుడు కర్రను ఎండాకాలమంతా పొయ్యి మీది అటకపై ఆరబెట్టి, లేతుకెక్కించి చెక్కింది. వానకు కర్ర ఉబ్బుతుంది, మూత దగ్గర వెంట్రుకంత ఎడం వదలాలని మొగుడు చెప్పేవాడు. బావ మీది కసి ఆ ఎడాన్ని కూడా మింగేసింది. మూత పట్టి ఎత్తితే భరిణె మొత్తం లేచి వచ్చేది. మురిసిపోయింది.

పండుగనాడు వాన. ముత్తక్క ముందు జంపక్క భరిణెనే అందుకుంది. మూత రాలేదు. కొంగు చుట్టి లాగింది. మోకాళ్ల మధ్య ఇరికించి లాగింది. డప్పులు ఆగిపోయాయి.

"అమ్మవారికి తాళం ఏసినవా ఏందే?" దూలయ్య పళ్లికిలించాడు. "నా దాంట్ల తీస్కో ముత్తక్కా, జల్దీ."

బాడిసెతో చెక్కిన అతని మూత గిన్నె మీద కప్పలా గెంతుతోంది. సగం పసుపు దారిలోనే వానపాలైంది. అయినా తెరుచుకుంది, ముత్తక్క అందులోంచే పసుపు పూసింది.

జంపక్క తన భరిణె లాక్కుని, బండకేసి ఒక్క దెబ్బకు పగలగొట్టింది.

తెల్లారి దూలయ్య లేతు మోయించుకుపోయాడు. సాయంత్రానికి ఊగిపోతూ తిరిగొచ్చాడు.

"లేతు ఉలులేవే?"

"పందెం లేతు మీద కట్టినవ్. ఉలులు మా అయ్య పెండ్లికి ఇచ్చినయ్. నువ్వు గోళ్లతో చెక్కుకో."

"లేతు లేంది ఏం జేస్తవే వాటితోని?"

"జర దగ్గరికి రా బావా, చూపిస్త."

అతను రాలేదు. పొద్దంతా ఉత్త లేతు తిప్పుతూ కూర్చుంటాడు, ఆమెకు వినపడాలని. ఆమె గడపలో ఉలులు నూరుతుంది, అతనికి వినపడాలని. మధ్యలో దారి ఉందన్న మాటే గానీ, కుక్క కూడా అటు నడవదు.