ఆమెన్ అనేలోపు తెగిపోయే కనెక్షన్

ఇంటర్నెట్ ఇప్పటిలా జేబులో పడి ఉండేది కాదు ఆ రోజుల్లో. కావాలంటే మనమే దాన్ని పిలవాలి, అది పలకాలి. బొటనవేలంత డాంగిల్‌ని కంప్యూటర్‌కి గుచ్చి, తెర మీద వచ్చిన చిన్న పెట్టెలో 'కనెక్ట్' నొక్కితే, 'డయలింగ్' అని చూపిస్తూ అది ఎవరికో ఫోన్ చేసేది. ఎవరికి చేసేదో, అటువైపు ఎవరు ఎత్తేవారో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు. జైనూర్ దాటాక గుట్టల్లో ఉన్న మా ఊరికి ఆ కంప్యూటర్ కాగజ్‌నగర్ నుంచి వచ్చింది. అక్కడ కంప్యూటర్లు బాగుచేసే మా మేనమామ ఒక పాతదాన్ని బిగించి ఇచ్చి, "బ్యాలెన్స్ ఉత్తగనే పోకుంట అన్ని నేనే సెట్ చేసిన. ఏది ముట్టకుండ్రి" అని చెప్పి వెళ్లాడు. మాట వినడంలో మా ఇంటివాళ్లను మించినవాళ్లు లేరు. ఏదీ ముట్టలేదు.

మాది చర్చికి వెళ్లే కుటుంబం. పత్తి గింజ నాటినా, బస్సెక్కినా, కొత్త కుక్కర్ పొయ్యి మీద పెట్టినా ముందు ప్రార్థన ఉండాల్సిందే. నెట్‌కీ అంతే. నేను 'కనెక్ట్' నొక్కగానే అందరం కళ్లు మూసుకునేవాళ్లం, బాపు (మా నాన్న) నాలుగు ముక్కల్లో ప్రార్థన ముగించేవాడు, కళ్లు తెరిచేసరికి కనెక్షన్ వచ్చి ఉండేది. నా ఇంటర్ ఫలితం అలాగే చూశాం.

చిక్కంతా నర్సింగ్ సీటు దగ్గర వచ్చింది. ఏ కాలేజీ కావాలో వరుసగా ఎంచుకుని ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఆ రోజు సాయంత్రంతో గడువు అయిపోతుంది. పెట్టకపోతే సీటు లేదు, ఏడాదంతా పత్తి చేనే. పోనీ కాగజ్‌నగర్ వెళ్లి నెట్ సెంటర్‌లో పెట్టుకుందామంటే వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. ఇంత పెద్ద పనికి బాపు పొట్టి ప్రార్థన చాలదని, మా బాపమ్మ (బాపు వాళ్ల అమ్మ) తానే ముందుకొచ్చింది.

బాపమ్మ ప్రార్థన మొదలుపెడితే సృష్టి దగ్గర నుంచి రావాలి. చుట్టాలందరి పేర్లూ, వాళ్ల మోకాళ్ల నొప్పులూ, మా బర్రె ఈత, పక్కూరి పాస్టరమ్మ దగ్గు, ఏదీ వదలదు. మధ్యలో కళ్లు తెరవడం మా ఇంట్లో మహాపరాధం (చిన్నప్పుడు తొడపాశం తిన్న జ్ఞాపకం ఇంకా చురుక్కుమంటుంది). ఆమె "ఆమెన్" అంది, మేం కళ్లు తెరిచాం. 'డిస్‌కనెక్టెడ్' అని ఉంది.

మళ్లీ నొక్కాను. మళ్లీ ప్రార్థన. మళ్లీ తెగింది. "మనసు పెట్టి చేస్తలేరు మీరు" అని బాపమ్మ ఈసారి ఇంకొంచెం పొడిగించింది. అదీ తెగింది. బాపు డాంగిల్‌కి పొడవాటి వైరు తగిలించి దాన్ని కిటికీ ఊచకు కట్టాడు. అవ్వ (మా అమ్మ) దాని మీద చినుకులు పడకుండా స్టీలు గిన్నె బోర్లించింది, దాంతో ఉన్న సిగ్నల్ కూడా పోయింది. గిన్నె తీశాం. నాకు ఏడుపొచ్చింది. మామకు ఫోన్ చేస్తే, "ఎవరన్న ఏమన్న ముట్టిండ్రా?" అని అడిగాడు.

"లేదు మామా. ఎవ్వలం ముట్టలే. కదలకుంట కూసున్నం."

"మరెందుకు తెగుతుంది? నాకు సమజైతలేదు" అని ఆయనా పరేషాన్ అయిపోయాడు.

నాలుగోసారి ప్రార్థన మోకాళ్ల నొప్పుల దాకా వచ్చినప్పుడు కంప్యూటర్ 'టుంగ్' అంది. అంతకుముందు కూడా అన్నదని అప్పుడు గుర్తొచ్చింది. తొడపాశానికి సిద్ధపడి ఒక కన్ను తెరిచాను. తెర మీద ఒక పెట్టె. కనెక్షన్‌ని ఎవరూ వాడట్లేదట, తెంపేయమంటారా, ఉంచమంటారా అని అడుగుతోంది. కింద సెకన్లు తరిగిపోతున్నాయి. బ్యాలెన్స్ మిగలాలని మామ చేసిన ఏర్పాటు అదే. మేము కళ్లు మూసుకుని కూర్చుంటే, ఇంట్లో ఎవరూ లేరనుకుని అది వెళ్లిపోతోంది పాపం.

చప్పుడు కాకుండా 'ఉంచు' నొక్కాను. ఆమెన్ దాకా ఆగే ధైర్యం లేక రెండో కన్నూ తెరిచి కాలేజీలు ఎంచుకోవడం మొదలుపెట్టాను. మౌస్ టిక్కుటిక్కుమంటోంది. ప్రార్థన అయిపోతే పట్టుబడతానని నా భయం. కానీ ఆ రోజు అది ఎంతకీ అవలేదు. బాపమ్మ బర్రె కోసం రెండోసారి ప్రార్థించింది, వాగు అవతల ఆగిన బస్సు డ్రైవర్ కోసం కూడా ప్రార్థించింది. వయసు మీదపడి మరిచిపోతోందనుకున్నాను. ఆఖరి ఆప్షన్ పెట్టి, సేవ్ చేసి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. "ఆమెన్" అంది బాపమ్మ.

సీటొచ్చింది. హాస్టల్ నుంచి మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు, ఆమె తలకు నూనె రాస్తూ అసలు సంగతి చెప్పబోయాను.

"నాకు చెవులు లేవా బిడ్డా?" అంది. "ఎలుక కొరికినట్టు టిక్కుటిక్కుమంటుంటే ఇనబడదా? అది ఆగినంకనే ఆమెన్ అన్న. బర్రె కోసం రెండుసార్లు ఎందుకు చేసిననుకున్నవ్?"

ఇప్పుడు నేను పనిచేసే ఆసుపత్రిలో నెట్ పిలవకుండానే వస్తుంది, పోకుండా ఉంటుంది. అయినా ఏదైనా ముఖ్యమైనది పంపేటప్పుడు తెర మీద ఆ చక్రం తిరుగుతూ ఉండిపోతే, అలవాటుగా కళ్లు మూసుకుంటాను. ఒక్కదాన్నే నవ్వుకుంటాను కూడా. ఆ రోజు ఒక కన్ను తెరిచిన ఆ పిల్ల కంగారంతా ఇంకా నాలోనే ఉంది. దాని పని అయ్యేదాకా ఆమెన్ ఆపి పెట్టే బాపమ్మే లేదు.