నలభై దాటకు

నా చిన్నప్పుడు నేను వేలంలో గెలిచిన మొదటి వస్తువు ఒక గుమ్మడికాయ. కోత పండుగనాడు ఎవరి చేలో పండింది వాళ్లు తెచ్చి చర్చిలో ముందు పెట్టేవారు. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు వాటిని వేలం వేసేవారు. పావలా చేయని సొరకాయ మూడు రూపాయలకు పోయేది. వచ్చిన డబ్బు దేవుని పనికే కాబట్టి ఎంత ఎక్కువ పాడితే అంత గౌరవం. ఓడినవాళ్లు కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టేవారు. ఆ ఏడు మా నాన్న నన్ను బల్ల ఎక్కించి నా చేత పాడించాడు. గుమ్మడికాయ మాదే అయింది. పదేళ్ల పిల్లకు అంతమంది చప్పట్లు కొడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. వారం రోజులు నేల మీద నడవలేదు నేను.

మాది సంగారెడ్డి దగ్గర కంది పక్కన చిన్న ఊరు. పటాన్‌చెరు వైపు అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. నాన్న సైకిల్ మీద అక్కడికి రోజు కూలీకి వెళ్లేవాడు. రేపటి నుంచి రావద్దంటే అడిగే దిక్కు లేదు. అందుకే అమ్మకు ఒక కుట్టు మిషన్ కొనాలని పట్టుదల. సంగారెడ్డిలో ఒక దర్జీ తన పాత మిషన్ నూట అరవైకి ఇస్తానన్నాడు. క్రిస్మస్ లోపల అది ఇంటికొస్తే ఊరందరి కొత్త బట్టలూ కుట్టి నాలుగు డబ్బులు చూడొచ్చని అమ్మ ఆశ.

ఆ డబ్బు కోసం అమ్మ మా మేనత్త నడిపే చీటీలో చేరింది. అత్త బడిలో పంతులమ్మ, లెక్క తప్పని మనిషి. పది మంది, నెలకు ఇరవై రూపాయలు, మొత్తం రెండు వందలు. నెలకొకరు ఆ మొత్తం ఎత్తుకోవాలి. ముందే కావాలనుకున్నవాళ్లు అందులో కొంత వదులుకుంటామని పాడాలి. ఎవరు ఎక్కువ వదులుకుంటే చీటీ వాళ్లది. వదిలిన డబ్బు పది మందికీ సమానంగా పంచుతారు. చివరిదాకా ఆగినవాళ్లు ఏమీ వదులుకోకుండా రెండు వందలూ తీసుకోవచ్చు.

ఆ నెల పాట ఆదివారం మధ్యాహ్నం అత్త వాకిట్లో. అమ్మకు చలిజ్వరం, నాన్నకు పని. ఇంటి తరఫున ఎవరో ఒకరు కూర్చోవాలి కాబట్టి అమ్మ నన్ను పంపింది. దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీసి నా వేళ్లు గట్టిగా పట్టుకుంది. "నలభై దాకా పో బిడ్డా. నలభై దాటకు. దాటితే మిషన్ రాదు" అంది.

వాకిట్లో ఎనిమిది మంది ఊరికే కూర్చున్నారు. పాడింది ఇద్దరమే, నేనూ ఊరి చివర ఉండే ఒక ముసలి రైతూ. ఆయన్ని పిల్లలందరం తాత అనేవాళ్లం. ఆయన పది అన్నాడు, నేను పదిహేను అన్నాను. ముప్పై ఐదు, నలభై. ఆయన నలభై ఐదు అన్నాడు. అక్కడ నేను నోరు మూసుకోవాలి. కానీ వెనక నుంచి ఎవరో నవ్వుతూ పాడు పిల్లా అన్నారు. నా చెవులకు అది కోత పండుగ చప్పట్లలాగే వినిపించింది. యాభై అన్నాను. అత్త పలక మీంచి తలెత్తి నన్ను చూసి, యాభై రాసుకుంది. అరవై. డెబ్భై. ఆయన డెబ్భై ఐదు అన్నాక నేను లేచి నిలబడి ఎనభై అన్నాను. తాత నా ముఖంకేసి కాసేపు చూసి తలపాగా సర్దుకుని, ఇగ చాలన్నాడు. అత్త మూడుసార్లు పిలిచి చీటీ మాకు రాసింది.

చప్పట్లు కొట్టలేదెవరూ. నేను మాత్రం ఇంటికి పరుగెత్తి, పాట మనదే అని అరిచాను. ఎంతకని అమ్మ అడిగింది. ఎనభై అన్నాను. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నూట అరవై మిషన్‌కు నూట ఇరవై చేతికొస్తుందని అప్పుడు లెక్క తెలిసింది నాకు. ఆ వీపు చూసి నేను ఏడ్చిన ఏడుపు ఇంకెప్పుడూ ఏడవలేదు.

సాయంత్రం అత్త దగ్గరికి వెళ్లి పాట తీసెయ్యమని కాళ్లావేళ్లా పడ్డాను. తీయనంది. అందరి ముందు అన్న మాట చిన్నపిల్లదైనా మాటేనంది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరింది. ఆ మాటలు ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఆఖరి మాట ఇంట్లనే అనుకొని రావాలె బిడ్డా. ఈడ కూసున్నంక అనుకుంటే అది నీ మాట గాదు, ఎదుటోళ్ల మాట. మీ అమ్మ చెప్పి పంపిన లెక్కను నువ్వు తొవ్వలనే పడేసుకున్నవ్."

మర్నాడు బడి అయ్యాక ఒక పని చెప్పింది. నేను వదిలేసిన ఎనభైని తలా ఎనిమిది రూపాయల చొప్పున నా చేతులతోనే ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి రావాలి. అంతకంటే నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది. పక్కింటి అక్క డబ్బు కొంగున ముడేసుకుని, వచ్చే నెల కూడా నువ్వే పాడాలని ఆటపట్టించింది. ఇంకో ఇంట్లో ఆ డబ్బుతో అప్పటికప్పుడు నూనె తెమ్మని మనిషిని పంపారు. నేను పోగొట్టింది ఎక్కడికీ పోలేదు, ఓపికగా కూర్చున్నవాళ్ల ఇళ్లకు చేరింది.

చివరికి తాత ఇల్లు. కొట్టంలో రెండు గుంజలున్నాయి, ఒక దానికే ఎద్దు కట్టి ఉంది. రెండోది పోయిన నెల చచ్చిపోయిందట. యాసంగి దున్నకానికి జోడు కావాలని చీటీ పాడాడట. నేనిచ్చిన ఎనిమిది రూపాయలు కళ్లకద్దుకుని, ముందు అమ్మ గురించే అడిగాడు.

"అమ్మకు పానం బాగలేదని విన్న. దవాఖానకే గావచ్చు, పిల్ల గింత పట్టు పట్టిందని ఆగిన. ఎద్దుదేముంది, ఎట్లనో అట్ల నడుస్తది. అమ్మను జల్దీ తీస్కపొమ్మను."

అమ్మది మామూలు జ్వరమేనని, నేను ఊరికే గెలవాలని పాడానని చెప్పే ధైర్యం లేకపోయింది. ఇంటికెళ్లి అమ్మకు అంతా చెప్పాను. అమ్మ లేచి, శాలువా కప్పుకుని, నా చెయ్యి పట్టుకుని అత్త ఇంటికి నడిచింది. ఈ నెల చీటీ అదే ఎనభైకి తాతకిచ్చి, మేము ఆఖరిదాకా ఆగుతామంది. పది మందినీ అడిగి అత్త ఒప్పుకుంది. తర్వాతి సంతలో తాత కొట్టానికి ఎద్దు వచ్చింది.

ఆ క్రిస్మస్‌కు మా ఇంట్లో మిషన్ లేదు. అమ్మ నా పాత గౌను అంచు విప్పి చేత్తో కుట్టి పొడుగు చేసింది. ఊళ్లో పిల్లలందరి కొత్త బట్టలు చూస్తూ చర్చిలో వెనక వరసలో కూర్చున్నాను. ఆ పైన నెలనెలా ఇతరులు వదిలినదాంట్లో మా వంతు వస్తూనే ఉంది. ఆఖరి నెల పాటే లేదు. అత్త అమ్మ పేరు పిలిచి రెండు వందలూ చేతిలో పెట్టింది. మరో పాత మిషన్ అదే నూట అరవైకి దొరికింది. మిగిలిన నలభై పట్టుకుని అమ్మ నన్ను పోస్టాఫీసుకు తీసుకెళ్లి నా పేరున పుస్తకం తెరిపించింది. మనం పోగొట్టుకుందామనుకున్న నలభై ఇదే అంటూ నవ్వింది. ఆ నవ్వుతో నా ప్రాణం కుదుటపడింది.

పెద్దయ్యాక నేనూ అత్తలాగే పంతులమ్మగా ముప్పై ఏళ్లు జీతం తీసుకున్నాను, ఇల్లు కట్టాను, పిల్లలను చదివించాను. ఇప్పటికీ ఏది కొనడానికి వెళ్లినా ఆఖరి లెక్క కాగితం మీద రాసి కొంగున ముడేసుకుంటాను. మొన్న కొల్లూరు దగ్గర ప్లాటు బేరంలో ఆ లెక్క దాటగానే లేచి వచ్చేశాను. మా అబ్బాయి కారులో ఇంటిదాకా సణిగాడు. సణగనీ.

ఆ ముడి అత్త మాట నేర్పింది. తాత నేర్పింది వేరు. ఎదుటివాళ్లు ఆగిపోతే నేను గెలిచానని అనుకోవడం నాకు చేతకాదు. ఎందుకు ఆగారోనని వాళ్ల ముఖం చూస్తాను.