సీతాదేవి గారి గొంతు

విదేశంలోని మా స్కార్‌బరో తెలుగువాళ్లలో వీరభద్రం గారి ముఖం ఎవరికీ గుర్తుండదు, గొంతు మాత్రం అందరికీ తెలుసు. వారమంతా గోదాములో పెట్టెలు సర్దే ఈ మనిషి, పదకొండేళ్లుగా శనివారం ఉదయం కమ్యూనిటీ రేడియోలో తెలుగు ప్రోగ్రాం నడుపుతున్నారు. రేకు ఊపి ఉరుము పుట్టిస్తారు. కొబ్బరిచిప్పలతో గుర్రాన్ని పరిగెత్తిస్తారు. ప్రోగ్రాంలో మొగుణ్ణి ఏకిపారేసే సీతాదేవి అనే పాత్ర గొంతు కూడా ఆయనదే. ఆ సంగతి ఆయన భార్య బాలత్రిపురసుందరి గారికీ, పక్క ఫ్లాటువాణ్ణి గనక నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

సీతాదేవి నిజంగానే ఉందని నమ్మి ఆడవాళ్లు నోములకు పిలిచేవారు. ఆవిడ రాకపోతే పసుపు, కుంకుమ, జాకెట్టు గుడ్డ వీరభద్రం గారి చేత పంపేవారు. అవన్నీ సుందరి గారి బీరువాలో చేరాయి. పేరంటం గుడ్డలు మగవాడు పుచ్చుకున్నాడని తెలిస్తే ఊరుకుంటారా? అందుకే ఆయన నిజం చెప్పలేదు.

ఈ ఏడాది ప్రోగ్రాం టీవీకి మారింది. "సీతాదేవి గారు కనిపించాలండీ. లేకపోతే ప్రోగ్రాం ఆపేద్దాం" అన్నాడు మేనేజరు జయదేవ్. ఆ గంటే ప్రాణమైన మనిషికి మూడు రోజులు అన్నం సయించలేదు. చివరికి భార్య కాళ్లావేళ్లా పడ్డారు.

"నువ్వు పెదాలు కదుపు చాలు. తెర వెనక నుంచి గొంతు నేనిస్తా."

"నాకు నోరు లేదేంటండీ?" అన్నారావిడ. అయినా ఒప్పుకున్నారు.

స్టూడియో హాల్లో జనం ముందు లైవ్ మొదలైంది. నేను ముందు వరసలో కూర్చున్నాను. తెర వెనక వీరభద్రం గారికి కంగారుతో గొంతు పూడుకుపోయింది, దగ్గు తప్ప ఏమీ రాలేదు. సుందరి గారు పమిట సర్దుకుని తనే అందుకున్నారు.

"మా ఆయన రేకు ఊపి ఉరుము పుట్టిస్తారండీ. పక్కనే కుక్కరు ఏడు విజిళ్లు వేస్తే మాత్రం వినబడదు."

హాలంతా నవ్వింది. ఇంట్లో టీవీ చూస్తున్న స్నేహ అనే ఆవిడ ఫోన్ చేసింది. "సీతాదేవి గారూ, గొంతు మారిందేంటండీ?" నేను తెర వైపు చూశాను. అంతలో ఆవిడే, "అయ్యో, ఆ జాకెట్టు మా నోముకి నేను పెట్టిన గుడ్డే కదండీ. మాటలూ మీవే. చలికి గొంతు పట్టేసుంటుంది, మిరియాల కషాయం తాగండి" అంది.

మాటలూ సుందరి గారివే. నిజమే, శుక్రవారం సాయంత్రం గోడ అవతల వంటింట్లో ఆవిడ ఆయన్ని అంటుంటే విన్న మాటలే శనివారం రేడియోలో వచ్చేవి. పదకొండేళ్లు నవ్వుకుని, మెచ్చుకోలు మాత్రం ఆయనకిచ్చాను. నాకు సిగ్గేసింది.

ప్రోగ్రాం నిలబడింది. బస్సులో ఇంటికి వస్తుంటే వీరభద్రం గారు గొంతు సవరించుకుని, "వచ్చే వారం నేనేం చెయ్యాలే?" అని మెల్లగా అడిగారు.

సుందరి గారు కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"రేకు ఊపండి."