నీళ్లు తాగని పడవ

బందరులో ఆమినా బీని మోసం చేసే పాలవాడు ఇంకా పుట్టలేదు. పాలచుక్క గోరు మీద నిలబడిందా, జారిపోయిందా చూశాకే గిన్నె లోపలికి తీసుకెళ్తుంది. ఆటో ఎక్కేముందు బ్రేకు తొక్కి చూపించమంటుంది, ఆ ఆటో సొంత తమ్ముడు ఖలీల్‌దే అయినా సరే. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమినా బీ కీడెంచడం దగ్గరే ఆగిపోయిందని వీధిలో నవ్వుకుంటారు. ఆ నవ్వేవాళ్లే బంగారం కొనేటప్పుడు ఆమెను వెంటబెట్టుకుని వెళ్తారు.

అలాంటి మనిషి ఇంట్లో కూర్చుని ఆమె కొడుకు ఆసిఫ్ పడవ చేశాడు.

ఆసిఫ్ తలుపులు, టీవీ బల్లలు చేసే వడ్రంగి. ఫోనులో వీడియోలు చూసి చూసి కయాక్ అనే సన్నటి పడవ మీద మనసు పారేసుకున్నాడు. వేలెడు వెడల్పు చెక్కపట్టీలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి అతికించడం, లోపలా బయటా గాజు దారంతో నేసిన పల్చటి గాజుగుడ్డ పరిచి ఎపాక్సీ బంక పూయడం. అంతే. ఒక్క మేకు లేదు. వసారాలో అది తయారవుతున్నన్నాళ్లూ ఆమినా బీ దొంగను కనిపెట్టుకున్నట్టు దాని చుట్టూ తిరిగింది. ఆమె తండ్రి లాల్, గిలకలదిండి రేవులో చేపల వేట పడవలు కట్టినవాడు. ఆ పడవలకు అరచేతి మందం చెక్క, బొటనవేలంత మేకులు, పైన తారు. ఇదేమో వేలితో కొడితే తప్పెటలా మోగుతోంది.

"అప్పడంలా ఉందేంట్రా! రాయి తగిలితే?"

"గాజుగుడ్డ పట్టి ఉంచుతుందమ్మీ. గీత పడితే మళ్లీ బంక పూస్తాం. నీళ్లు చెక్కకి తగలనంత కాలం దీనికి చావు లేదు."

"మరి ఈ దూది చొక్కాలెందుకు కొన్నావు?"

"లైఫ్ జాకెట్లు. పడవ తిరగబడితే మనం తేలడానికి."

"గట్టి పడవ ఎందుకు తిరగబడుద్ది?"

ఆసిఫ్ తల పట్టుకున్నాడు.

వచ్చే ఆదివారం పులిగడ్డ దగ్గర కృష్ణలో దింపుతానన్నాడు. ముందు సీట్లో భార్య షబీనాను కూర్చోబెడతాడట. షబీనాకు ఈత రాదు. అయినా మొగుడు చేసిన పడవ అని ఆ పిల్లకు ఒకటే మురిపెం, కొత్త చుడీదారు కూడా కుట్టించుకుంది. ఆ సంబరం చూసినప్పుడల్లా ఆమినా బీ వెళ్లి పడవను మళ్లీ వేలితో కొట్టి చూసేది. పైకి అనదు గానీ కోడలంటే ఆమెకు ప్రాణం.

తండ్రి చెప్పిన మాట ఒకటి ఆమె మనసులో తిరుగుతోంది. కొత్త పడవకు ముందు నీళ్లు తాగించాలి. నీళ్లలో ముంచి ఉంచితే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. నీళ్లు తాగని పడవ ఎక్కకూడదు. కొడుకేమో చెక్కకు నీళ్లే తగలకూడదంటాడు! చెప్పేవాడికి వినేవాడు లోకువ అనుకుంది.

అందుకే కొడుకూ కోడలూ పెళ్లికి గుడివాడ వెళ్తుంటే మోకాళ్ల నొప్పులని ఇంట్లో ఉండిపోయింది. వాళ్లు వీధి మలుపు తిరగగానే మోకాళ్లు బాగయ్యాయి. ఖలీల్‌ను పిలిపించింది.

"వద్దు ఆపా, ఆసిఫ్ నన్ను చంపుతాడు."

"నేనుండగా ఎవడు చంపుతాడు? అటు పట్టుకో."

ఇద్దరూ ఎత్తితే పడవ పీటలా లేచింది. ఇంత తేలికా అని ఆమెకు అనుమానం ఇంకాస్త పెరిగింది. ఇంటి వెనక కాలువలో దింపితే అది మునగనంది. ఇసుక బస్తాలు వేసి మరీ ముంచారు.

పెళ్లి చూసుకుని వచ్చిన ఆసిఫ్ ఖాళీ వసారా చూసి కేకలు పెట్టాడు. ఆమినా బీ దాచలేదు. ఖలీల్ సాయంతో పడవను గట్టుకు లాగి, ఆసిఫ్ తువ్వాలుతో తుడిచాడు. పడవ తళతళలాడింది. ఎక్కడా బీట లేదు.

"చూశావా అమ్మీ? ఇప్పుడేమంటావు?"

ఆమినా బీకి సిగ్గేసింది. సిగ్గుతో పాటు సంతోషమూ కలిగింది. పోనీలే, నేనే ఓడిపోయాను, పిల్ల హాయిగా తిరిగొస్తుంది అనుకుంది.

అంతలో షబీనా పడవ ముక్కు నిమురుతూ ఆగిపోయింది. అక్కడ గాజుగుడ్డ పొక్కిలా లేచి ఉంది. వేలితో నొక్కితే గుడ్డ కింద నీళ్లు కదిలాయి.

"ఇదేంటండీ?"

లోపల ఏమైందోనని ఎవరైనా వంగి చూస్తారు. ఆసిఫ్ చూడలేదు. చూడక్కర్లేని వాడిలా నిలబడ్డాడు. ఆమినా బీ అది కనిపెట్టింది.

"ముక్కు లోపలికి చెయ్యి పట్టలేదు," అన్నాడు చివరికి. "అక్కడ లోపలివైపు గుడ్డా వెయ్యలేదు, బంకా పుయ్యలేదు. మునిగేసరికి నీళ్లు చెక్కలోకి దిగాయి. ఎవరు చూస్తార్లే అనుకున్నా. ఆదివారం ఏమీ అయ్యేది కాదు షబీనా, ఒట్టు. తెడ్డు నుంచి కారి లోపల చేరే తడికి చెక్క మెత్తబడాలంటే ఏ రెండేళ్లో పడుతుంది. అప్పుడు చూసుకుందామని..."

"ముందు కూర్చునేది నేను," అంది షబీనా. "అప్పుడు చూసుకునేది మీరా?"

ఆసిఫ్ ఆ పొక్కి మీద తువ్వాలు కప్పాడు.

నేను చెప్పలేదా అనే మాట ఆమినా బీ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె చెప్పింది ఇది కాదు. చెక్కను అనుమానించింది, బంకను అనుమానించింది, దూది చొక్కాను కూడా వదల్లేదు. కన్నకొడుకు చేతిని అనుమానించాలని ఏనాడూ తోచలేదు.

షబీనా వచ్చి అత్త పక్కన నిలబడింది. మురిపెమంతా పోయి ఆ పిల్ల మొహం ఎవరిదోలా ఉంది. ఇంటివైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"అత్తయ్యా, మన వంటింటి దూలాలు వేసింది కూడా ఈయనేగా?"

వాటికేం ఫరవాలేదమ్మా అని చెప్పాలని ఆమినా బీకి ఎంతగానో అనిపించింది. కానీ ఖలీల్‌ను నిచ్చెన తెమ్మంది.