తాత సంతాప ప్రకటనలో అమ్మ లేదు

మా పెద్ద మేనమామ వంశచరిత్ర రాస్తున్నాడని తెలిసి, అమ్మను తీసుకుని బయ్యారం నుంచి జనగామ వెళ్లాను. పాత పేపర్లలోని పెళ్లి ప్రకటనలు, సంతాప ప్రకటనలు ముందేసుకుని మహారాజులా కూర్చున్నాడు. ఏడో తరగతితో బడి మానేసిన నాకూ తాత దశదినకర్మ ప్రకటన సులువుగానే అర్థమైంది. తాత ఫోటో బొటనవేలంత, పార్టీ నాయకుడిది అరచేయంత. కొడుకులు, అల్లుళ్లు, చివరికి రైస్‌మిల్లు పార్ట్‌నర్ కూడా శోకతప్తులే. దవాఖానలో తాతకు సేవ చేసిన అమ్మ మాత్రం లేదు. చర్చిలో పెళ్లి చేసుకుందని, ఆ ప్రకటన వేయించిన మామ మహానుభావుడు చెల్లెలినే ఎగరగొట్టాడు.

"అన్నా, నా పేరేది?" అంది అమ్మ.

"జాగ సాలలే చెల్లే. గిప్పుడు వంశవృక్షంల రాస్త తియ్యి," అన్నాడు మామ.

"నన్నేం రాయకు. నువ్వు పోయినంక పేపర్ల నేనే ఏపిస్త. జాగ సాలకపోతే నీ ఫోటో తీసేస్త."