‘ని’కి ముందున్న పేరు

ఛత్రినాక మార్కెట్లో మా అక్క కూతురికి గళ్ల నోటుబుక్కు కొనడానికి ఆగాను. దుకాణదారు కట్ట విప్పగానే కొత్త కాగితం వాసన వచ్చింది. లెక్కల కోసం పిల్లలు కొనే ఆ గళ్లలో ఒకప్పుడు నేను జపాన్ అక్షరాలు రాశాను, గడికి ఒకటి చొప్పున, నెలల తరబడి. రాయించింది ఎస్తేరు టీచర్. ఆవిడ పోయి రెండేళ్లయింది. నోటుబుక్కు ఇంటికి తెచ్చాను కాని, ఆ పిల్లకు వెంటనే ఇవ్వలేకపోయాను.

ఉప్పుగూడ స్టేషన్ వెనుక రెండు గదుల ఇంట్లో టీచర్ ఒక్కరే ఉండేవారు. జపాన్ యంత్రాలతో వచ్చే పుస్తకాలను ఇంగ్లీషులోకి మార్చే పని పదిహేనేళ్లు చేశారు. ఆ పని కంప్యూటరే చేస్తుందని తేలాక కంపెనీ ఆవిడను పంపేసింది. జపాన్‌లోని భాషాపాఠశాలలో చేరాలనుకుంటున్నానని నేను వెళ్లి అడిగినప్పుడు ఆవిడ మొదట అన్న మాట ఇది: “నేను జపాన్ పోలే బిడ్డా. పుస్తకాలు జూసి నేర్చుకున్న. పోయొచ్చినోళ్లే కావాల్నంటే వేరే జాగ చూస్కో.” చూసుకోలేదు. ఆవిడ దగ్గరే కూర్చున్నాను.

“ఇంగ్లీషుల సోచాయించకు, ఖరాబైతది. తెలుగుల సోచాయించు. మన లెక్కనే క్రియ ఆఖర్ల వస్తది,” అనేవారు. తప్పు కనబడితే ఎర్ర పెన్సిలుతో చుట్టేవారు. ఒప్పు పక్కన ఏమీ రాసేవారు కాదు. “సరిగ్గున్నదానితోటి నాకేం పని?” అనేవారు. ‘ని’ అనే చిన్న ముక్క దగ్గర నేను చాలా రోజులు తడబడ్డాను. ఎవరి దగ్గర నేర్చుకున్నామో వాళ్ల పేరు చెప్పి, ఆ వెనుక ‘ని’ చేర్చాలి. “అది మన ‘దగ్గర’ లెక్క. అది లేకుంటే ఎవల దగ్గర నేర్చుకున్నవో ఎట్ల ఎర్కైతది?” అని, ‘ఎస్తేరు సెన్సే ని నరాయిమాష్తా’ అని రెండు పేజీలు రాయించారు. ఎస్తేరు టీచర్ దగ్గర నేర్చుకున్నాను అని అర్థం. మీ పేరే ఎందుకు టీచర్ అంటే, “ఇంకెవల పేరున్నది నీ దగ్గర?” అని నవ్వారు.

గట్టిగా చదివించేవారు. పక్కింట్లో ఉండే ఆటో ఖాజా భాయ్ ఒక రోజు కిటికీ దగ్గర ఆగాడు. “టీచర్, పొద్దుగాల్నే ఈ చైనా లొల్లి ఏంది?”

“చైనా గాదు భాయ్, జపాన్.”

“రెండు ఒకటే గదా, ఏక్ హీ హై.”

“అట్లనా? బార్కస్ హలీము, నేను జేసే పప్పుచారు ఏక్ హీ హై?”

“తౌబా, తౌబా,” అంటూ ఆటో ఎక్కాడు.

దరఖాస్తుతో పాటు, ఇన్ని గంటలు చదివానని ఒక సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ జతచేయాలి. ఇంట్లో చెప్పే టీచర్ సంతకం చెల్లదు. నేను ఒక్క రోజు కూడా కూర్చోని కన్సల్టెన్సీ ఒకటి దాన్ని ఇస్తానంది. ఇంటర్వ్యూలో అడిగితే తమ సార్ పేరే చెప్పమంది. టీచర్‌కు చెప్పాను. “తెచ్చుకో. నా సంతకం కోసం నీ సీటు పోగొట్టుకుంటవా?” అన్నారు.

ఇంటర్వ్యూ రోజు మా గల్లీలో బోనాల డప్పులు. అందుకని టీచర్ ఇంట్లో, ఆవిడ బల్ల ముందు కూర్చున్నాను. కుక్కర్ విజిల్ వేస్తుందని ఆవిడ పొయ్యి ఆపి, కెమెరాకు కనబడకుండా వంటగది గుమ్మంలో నిలబడ్డారు. తెర మీద ఒక పెద్దావిడ. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగింది. కన్సల్టెన్సీ సార్ పేరు చెప్పి, వెనుక ‘ని’ చేర్చాను. అక్కడివరకు ముందే అనుకున్నది. కాని ఆమె నా ఉచ్చారణ మెచ్చుకుని ఇంకో ప్రశ్న వేసింది: ఇంకెవరైనా నేర్పారా?

ఆ ప్రశ్నకు జవాబు ఏ కాగితంలోనూ లేదు. ఔనంటే ఏమీ పోయేది కాదని ఇవాళ తెలుసు. ఆ రోజు సీటు పోతుందని భయపడ్డాను. ఎవరూ లేరన్నాను.

టీచర్ మళ్లీ పొయ్యి వెలిగించారు. “‘ని’ సరిగ్గ పెట్టినవ్,” అన్నారు, నావైపు తిరగకుండా.

“టీచర్, అది...”

“తిని పో బిడ్డా. అన్నమైతాంది.”

తిన్నాను. అది కూడా గుర్తుంది.

సీటు వచ్చింది. కన్సల్టెన్సీ వాళ్లు ‘మా విద్యార్థిని’ అని నా ఫొటోతో ఫ్లెక్సీ వేయించి ఛత్రినాక బస్‌స్టాప్ దగ్గర కట్టారు. టీచర్ కూరగాయలకు వెళ్లే దారి అదే. వెళ్లొస్తానని చెప్పడానికి పోతే, “ఫ్లెక్సీ మీద మంచిగున్నవ్. జర నవ్వేదుండె,” అన్నారు. ఆ క్షణంలోనైనా తప్పు ఒప్పుకోవాల్సింది. నేను నవ్వాను.

జపాన్‌లో మొదటి క్లాసులో కూడా అదే ప్రశ్న అడిగారు. ఫైల్లో ఉన్న పేరే చెప్పాను. టీచర్‌కు రెండుసార్లు ఫోన్ చేసి చలి గురించి, తిండి గురించి మాట్లాడాను. రెండో చలికాలంలో ఖాజా భాయ్ ఫోన్ చేశాడు. “టీచర్ గుజర్ గయే బేటా. మూడు రోజుల జ్వరం, అంతే.” ఆ రోజు పరీక్ష ఉంది. వెళ్లి రాశాను.

చదువయ్యాక తిరిగొచ్చాను, ఇప్పుడు ఈ ఊళ్లో జపాన్ వాళ్లతోనే నా ఉద్యోగం. మీకు ఈ భాష ఎవరు నేర్పారని అడిగితే ఎస్తేరు టీచర్ పేరే చెబుతాను. వాళ్లు తల ఊపి వేరే మాటల్లో పడతారు. ఆ పేరుతో వాళ్లకేం పని? ఆవిడ వింటుండగా నేను చెప్పిన వాక్యం మాత్రం నాతోనే ఉంది. ఎన్నిసార్లు తిప్పి చూసినా అందులో వ్యాకరణం తప్పు కనబడదు. ఎర్ర పెన్సిలు పెట్టడానికి ఎక్కడా చోటు లేదు.