నాంచారయ్య తాగిన నీళ్లు

మచిలీపట్నం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో నాంచారయ్య మురుగునీటి ప్లాంటు చూస్తాడు. రొయ్యలు కడిగిన నీళ్లలోని కుళ్లును ముందు ట్యాంకులో బ్యాక్టీరియా తింటుంది. తర్వాత సన్నటి పొరలు బురదనూ ఆ క్రిములనూ ఆపుతాయి. వడకట్టిన నీళ్లు కాలవలోకి పోతాయి. కాలవలో చేపలు చస్తున్నాయని సొంత పల్లెవాళ్లే గొడవకొస్తే, పంతానికి వాళ్లెదుటే గ్లాసు ముంచుకుని తాగాడు. ఆ పంతమే మెడకు చుట్టుకుంది. చూడ్డానికి ఎవరొచ్చినా ఇప్పుడతను తాగి చూపించాల్సిందే.

మొన్న గుడివాడ నుంచి కాలేజీ పిల్లలు వచ్చిన పూటే పొర చిరిగింది. నీళ్లు మసగ్గా వస్తున్నాయి.

"ఇయ్యాల వద్దు సార్. ట్యాంకులో పురుగంతా ఇందులోకి వచ్చేస్తోందండీ," అన్నాడు నాంచారయ్య, మేనేజరు చెవిలో.

"నువ్వు తాగకపోతే ప్లాంటు పాడైందని వాళ్లకి చెప్పినట్టే కదయ్యా. రేపట్నుంచి వలేసుకుంటావా? నిన్ను పడవెక్కించుకునే మొగాడున్నాడా మీ పల్లెలో?"

లేడు. ఆ మొదటి గ్లాసు తాగిన రోజే, కంపెనీ మనిషని పల్లె అతన్ని వెలేసింది.

నాంచారయ్య కళ్లు మూసుకుని గ్లాసు ఖాళీ చేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫోను పట్టుకున్న కుర్రాడు నాలిక్కరుచుకున్నాడు.

"అయ్యో, రికార్డు నొక్కలేదు బాబాయ్. ఇంకొక్క గ్లాసు, ప్లీజ్."

మేనేజరు తనే ముంచి అందించాడు.